పది లక్షల ఒకటో టైలు

అవేరోలో కార్ఖానా మూసేసిన రోజు
చివరి బట్టీలోంచి వచ్చింది
పది లక్షల ఒకటో టైలు,
అంచున చిన్న నీలి మరక.
ఫొటో పది లక్షలకే తీసేశారు.

వెయ్యి వరసల్లో వెయ్యేసి పరిస్తే నిండు చదరం.
ఇదొక్కటే బయట, పిలవని పేరంటానికి వచ్చినట్టు.
జుల్మీరా ఏప్రన్ జేబులో వేసుకుంది.

రాత్రి వంటింట్లో, చేపల బిల్లు వెనక, లెక్క:
మూడు వరసలు పేరిస్తే రెండు మిగులు.
ఏడుకీ రెండే. పదకొండుకీ. పదమూడుకీ
అవే రెండు, మొండి బాకీలా.
"ప్రధాన సంఖ్యేలే, దేనికీ లొంగదు"
అన్నాడు గుమస్తా టెల్మో పొద్దున.
ఎటునుంచి చదివినా అదే ముఖం:
రెండు ఒకట్ల మధ్య ఐదు సున్నాలు,
ఉప్పుమళ్లలో ఎవరూ లేని మధ్యాహ్నం.

ముప్పయ్యేళ్లు గోటితో మీటి
మోతలో పగులు పట్టిన మనిషి ఆమె.
వంద దాటాక, నూట ఒకటి దగ్గర
మోత మారింది.
నూట ఒక్క వరసలు. వరసకి
తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి.
మిగులు లేదు.
ఆ రెండూ మాత్రం ఇక చీలవు. అదీ చూసింది.

టెల్మో నమ్మక రెండుసార్లు గుణించాడు.
"అంత పొడుగు గది ఎవరికుంది?"

ఆమె టైలుని
వంటింటి బల్ల కాలి కింద పెట్టింది.
బల్ల ఇంకా కాస్త ఊగుతోంది.