గంట భత్యం

ఆ ఉత్తరం విప్పింది నేనే.
సంతకం పెట్టిన మేజరు ఎవరో మాకు తెలియదు,
మా గదుల కొలతలు మాత్రం
అంగుళాలతో సహా ఆయనకి తెలుసు.
నలభై ఎనిమిది గంటల్లో ఖాళీ చేయవలెను.
కింద నా పెన్సిలు రాత: అందినది, 11-40.

మద్రాసు అప్పటికే సగం ఖాళీ.
ఎగ్మూరులో మనుషులకన్నా ముందు
పరుపుచుట్టలు రైలెక్కుతున్నాయి.
తాళం పడ్డ ఇళ్ళు వీధికి ఇరవై ఉండగా
తలుపు తీసి కూర్చున్న పాపానికి
మా కాలేజీ నచ్చింది సైన్యానికి.

రంగూను బియ్యం ఆగిపోయింది కనక
రోడ్డుకి అవతల గోడౌను దొరికింది.
రాయపురం ఎలకలకి ఆ కబురు ఇంకా చేరలేదు,
రాత్రిళ్ళు వచ్చి, బియ్యం లేక,
అర్థశాస్త్రం అట్టలు కొరికి పోతున్నాయి.
గోనెపట్టాలు వేలాడదీసి నాలుగు క్లాసులు చేశాం.
ఒకవైపు షాజహాను ఏడుస్తుంటే
ఇంకోవైపు గంధకికామ్లం మరుగుతుంది.
ప్రిన్సిపాలు గారి బల్ల తూకపురాయి పక్కన.
ఆయన దాని మీద కాగితాలు పెట్టుకుంటారు, ఎగరకుండా.

మంజూరైన ఉద్యోగాలు పందొమ్మిది.
హాజరు పట్టీలో ఏడుగురం.
భౌతికశాస్త్రం రంగభాష్యం గారు
సైరన్ల పనికి వెళ్ళిపోయారు.
టైపిస్టు మిస్ పెరీరా ఖాకీ లంగా కుట్టించుకుంది,
టైపు మిషను కూడా స్వాధీనమైంది కనక
ఆమె లేని లోటు ఎవరికీ తెలియలేదు
అని నేను రిపోర్టులో రాసి, కొట్టేశాను.

కిటికీలకి నల్లకాగితం లేక
నాలుగేళ్ళ నాటి జవాబు పత్రాలకి
దీపపు మసి పూసి అంటించాం.
మధ్యాహ్నపు ఎండ వెనకనుంచి పడితే
ఎవరో కుర్రాడు రాసిన పానిపట్టు యుద్ధం
అద్దంలోలా తిరగబడి పైకి తేలుతుంది.
పదికి మూడు వేశారప్పుడు.
ఇప్పుడైతే నేను ఆరు వేసేవాణ్ణి.

తెలుగు పండితులు పొత్తపి శేషాచార్యులు గారికి
తర్కం కూడా అప్పగించాం, అదనపు జీతం లేదని ముందే చెప్పి.
ఆయన గోడౌను గుమ్మంలోకి తీసుకొచ్చారు పిల్లల్ని.
"అదుగో, అది పర్వతం అనుకోండి."
అది మా ప్రిన్సిపాలు గది.
"పొగ కనబడుతోందా? కనక అక్కడ నిప్పుంది."
నిజమే, సోల్జర్లు రొట్టెలు కాలుస్తున్నారు,
మా బెంచీలతో.
వెనక వరసలోంచి ఒకడు లేచాడు:
"కట్టె మనదైతే, నిప్పు ఎవరిదవుతుందండీ?"
ఆచార్యులు గారు నోరు తెరిచారు.
అంతలో గంట మోగింది.

గంట సంగతి చెప్పలేదు కదూ.
దూలానికి బిగించింది కనక ఊడిరాలేదు, అక్కడే ఉండిపోయింది.
ఇప్పుడది వాళ్ళ తిండికి మోగుతుంది.
వాళ్ళ టిఫినుకి మా మొదటి పీరియడు,
వాళ్ళ టీకి మా చివరిది.
కవాతు ఉన్న రోజు టీ ఆలస్యం,
ఆ రోజు మా పిల్లలకి చరిత్ర ఇంకో ఇద్దరు రాజుల దాకా సాగుతుంది.

మా గంట కొట్టే కన్నియప్పన్‌కి
ఇరవై రెండేళ్ళుగా నెలకి రూపాయి గంట భత్యం.
ఆడిటరు ఎర్రసిరాతో అడిగాడు:
గంట లేనప్పుడు భత్యమెందుకు?

కన్నియప్పన్ పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడే ఉంటాడు,
రోడ్డుకేసి చెవి పెట్టి.
ట్రాము మోతలో, లారీల రొదలో
ఆ ఒక్క చప్పుడు ఏరుకుని
గోనెపట్టాల మధ్య పరుగెత్తి చెబుతాడు, అయిందని.
కుడిచెయ్యి మాత్రం ఊరికే ఉండదు,
లేని తాడుని కిందికి లాగుతూ ఉంటుంది.

నేను జవాబు రాశాను:
సదరు ఉద్యోగి ప్రస్తుతం గంట కొట్టుట లేదు.
వినుచున్నాడు.
భత్యము కొనసాగించ ప్రార్థన.

ఆరు నెలలైంది. ఉత్తర్వు రాలేదు.
ఒకటో తారీఖున రూపాయి
నా సొరుగులోంచి వెళుతోంది,
ఏ ఖాతాలో రాయాలో తెలియక
ఇదుగో, ఇక్కడ రాస్తున్నాను.