చీకటికి మార్కులు

అగ్గిపెట్టె కంటే రవ్వంత పెద్దది ఆ మిషను.
అరచేతిలో పెట్టి ఆకాశానికి చూపిస్తాది
మాబున్ని మేడం, కాలేజీలో ఫిజిక్సు.
నేను మున్సిపాలిటీ నిచ్చెన బండోణ్ని.
నెంబర్లు రాసే పని గూడా నా నెత్తినే పడింది.

టవర్ క్లాక్ కాడ పదిహేడున్నర.
రుద్రంపేట బైపాసులో, నగలంగడి బోర్డు కింద, పదహారు.
"తగ్గింది గదా మేడం, మంచిదే గదా?" అంటి.
"ఈ పరీక్షలో చీకటికే మార్కులు, ఓబులేసూ."

పద్దెనిమిదేండ్లు చీకటి మీదనే ఫిర్యాదులు రాసుకుంటి:
ఫలానా వీధి, ఫలానా స్తంభం, వెలగలేదు.
వెలుగు మీద ఫిర్యాదుకి
మా రిజిస్టరులో గడే లేదు.

ఫైలు మూడు నెలలు ఆఫీసులో పండుకునింది.
మేమే శనగనూనె డబ్బా కోసి
పదకొండో స్తంభానికి టోపీ పెట్టినాం.
దీపం తల వంచుకోని రోడ్డును మాత్రం చూసింది.
మళ్లా కొలిస్తే
చుక్క తర్వాత ఒక్క అంకె కదిలింది, అంతే.
ఎదురు మిద్దె మీద నుంచి ఎవరో ఆయమ్మ
"ఇంక కిటికీకి దుప్పటి కట్టే పని లేదప్పా" అనె.

ఆ రాత్రి డ్యూటీ దిగి
బుక్కరాయసముద్రం కట్ట మీద బండి ఆపితి.
గొర్రు చుక్కలు నడినెత్తికొస్తే
మా జేజినాయన కపిల కట్టేవాడంట.
మూడూ అట్లే సాలు తప్పకుండా ఉండాయి.
దీపాలు బిగిస్తా బిగిస్తా
దీపం పైకి నేనే చూడలేదు.

పిల్లలకోడిని ఎంచబోతి.
నాలుగు, ఐదు,
ఆరోది ఉన్నట్టే ఉండి లేకపాయ.
రాసుకోవల్నో వద్దో.
మిషను చూస్తే మేడం దగ్గరుండిపాయ.