ఒక జానెడు తక్కువ

పత్తికొండ దాటినాక బస్సు దిగి
శనగచేలకు అడ్డంపడి నడిస్తే నల్లబురుజుపల్లె.
నా సంచిలో కొలత టేపు, కొరికిన పెన్సిలు,
పాత కట్టడాల జాబితా.
నూట పదిహేడో నంబరు ఈ బురుజు.
ఎత్తు రాసుకున్నాను. చుట్టుకొలత రాసుకున్నాను.
కట్టించినవారు: ఎవరో పాలెగాడు.
కట్టినవారు అనే గడి
ఆ కాగితంలో అచ్చే కాలేదు.

లోపల గడ్డివామి. ఒక కుక్క.
పడమటి గోడకు వాన తిన్న గాయం.
దానికి మందు నూరుతున్నాడు బేల్దారి హుసేనప్ప:
సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, నల్లబెల్లం.
సిమెంటైతే ఒక పూటలో అయిపోను గదా అంటే
పొత్రం ఆపకుండానే అన్నాడు:
"సిమెంటు ఊపిరాడనియ్యదు సార్.
గోడ లోలోపలే చెమర్చి చెమర్చి
ఒగనాడు ఉబ్బి పగులుతాది,
మాట దాసుకున్న మనిషి మాదిరి."

బెల్లం వాసనకు ఈగలు చేరాయి,
వాటి వెనకే బడి ఎగ్గొట్టిన పిల్లలు.

మూడో రోజు
పొక్కులేచిన పాత గార గీకుతూ గీకుతూ
తాపీ ఆపేశాడు.
నీళ్లు చిలకరించి, తువ్వాల కొసతో అద్ది,
నన్ను పిలిచాడు.

గారలో ఒక చెయ్యి.
తడి మీద ఒత్తి తీసినట్టు ఐదు వేళ్లు,
మణికట్టు దగ్గర రెండు గాజుల గీతలు.
చిన్నది. పన్నెండేళ్లుంటాయేమో
ఆ సున్నం తట్టలు మోసిన పిల్లకు.
బరువు దించి ఒక్క గడియ గోడకు ఆనుకుందో,
మేస్త్రీ అటు తిరిగినప్పుడు ఆడుకుందో.

జాబితా తిప్పాను, ముందుకీ వెనక్కీ.
శాసనానికి గడి ఉంది, శిల్పానికి ఉంది,
ఫిరంగి గుండు దెబ్బకు కూడా ఉంది.

"ఏం జేద్దాం సార్? పూయమంటే పూస్తా."
పూయమనలేదు. వద్దని కూడా అనలేదు.
గవర్నమెంటు మనిషిని,
నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ
శనగచేల వైపు చూశాను.

పొద్దుగూకేసరికి గోడంతా కొత్త గార,
కోడిగుడ్డు పెంకంత నున్నగా.
ఆ చెయ్యి చుట్టూ మాత్రం అంచు తీర్చి
జానెడు మేర వదిలేశాడు.
పక్కన తన చెయ్యి కూడా ఒత్తాడేమోనని వెతికాను.
లేదు. హుసేనప్ప ఆ బాపతు కాదు.
తాపీ కడుక్కుని బీడీ ముట్టించుకున్నాడు.

నెల తర్వాత ఆడిట్ గుమాస్తా
కళ్లజోడు నుదుటికెక్కించి అడిగాడు:
కొలతలో ఒక జానెడు తగ్గింది,
అక్కడ పనెందుకు చెయ్యలేదు?

రిమార్కుల గడిలో రాసిచ్చాను:
ఆ జానెడూ
ముందే పూర్తయి ఉంది.