మేకవన్నె మేక

దాని పేరు నలభై ఒకటి.
పేరు పెట్టొద్దని వార్డెన్ ముందే చెప్పాడు,
అంకె మీద ఎవరికీ జాలి పుట్టదట.

కడుపు పండకుండా కోసి, కుట్టి,
మెడచన్నులకి కాస్త పైగా రేడియో పట్టీ బిగించి
అగ్నిపర్వతం అంచున వదిలాం.
నా చేతిలో యాంటెనా,
చెవిలో టిక్, టిక్,
పొగమంచులో ఎక్కడో నడిచిపోతూ.

మేకకి చేతకాదు, ఒంటరిగా ఉండటం.
అదొక్కటే దాని నేరం.
రెండు రోజులో, మూడో,
లావా రాళ్ల మీద వాసన పట్టుకుంటూ పోయి
మిగిలిన తన వాళ్లని కలుసుకుంటుంది.
టిక్కులు ఒకచోట నిలబడతాయి.
అప్పుడు నేను హెలికాప్టర్ని పిలుస్తాను.

అన్నిటినీ కాలుస్తారు,
దాన్ని తప్ప.

అది మళ్లీ నడుస్తుంది.

మా తాత ఎలిసియో
పడవలోంచి మూడు మేకల్ని ఈ ఒడ్డున దింపాడు,
చేప పడని రోజుకి ఉంటాయని.
ఆయన్ని తప్పు పట్టలేను.
ఆకలి రేపటిదాకా చూడగలదు,
ఎల్లుండి దాని కంటికి ఆనదు.
నా పెళ్లిలో వండింది కూడా ఆ మాంసమే.
ఎముకలు చీకుతూ ఎంత నవ్వుకున్నామో.

మూడు వేలయ్యాయి, వేలు లెక్క తప్పాయి.
గాలిలోని మంచుని పట్టి
బొట్టు బొట్టుగా నేలకి దించే కొమ్మల్ని
మొదలంటా మేసేశాయి.
కొమ్మ పోతే బొట్టు లేదు,
బొట్టు పోతే మడుగు లేదు.
ఎండిన మడుగు నడుమ
నూరేళ్ల తాబేలొకటి
నిరుటి బురద వైపు మెడ చాచి నిలబడి ఉంది.
అరవలేదు. తాబేలు అరవదు.
అందుకే మాకింత ఆలస్యమైంది.

"మేక తప్పేంటి నాన్నా?" అంది మా నార్సిసా.
ఏం లేదన్నాను.
"తాబేలుదా మరి?"
అదీ కాదు.
"అయితే..." అని నా మొహంలోకి చూసింది.
రేడియోకి బ్యాటరీ మార్చాలని
సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది నాకు.

మేకవన్నె పులుల్ని గురించి అందరూ చెబుతారు.
ఇది మేకవన్నె మేక.
పులి ఎక్కడుందో
వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఏడు టిక్కులు ఎక్కడా ఆగలేదు.
శిఖరం చుట్టూ తిరిగి,
దక్షిణపు లోయలోకి దిగి, ఎక్కి,
రాత్రుళ్లు కూడా నడిచి నడిచి
ఆరు నెలలు.
కాల్చడానికి ఇంకేం మిగల్లేదని
ఊళ్లో వాళ్లు బీరు సీసాలు తెరిచారు.

ఆ మర్నాడు పొద్దున్నే
గుడారం ముందు గడ్డి కదిలింది.
అదే. కుడి చెవి చిరిగి ఉంది.
నన్ను చూసి పారిపోలేదు.
దగ్గరికొచ్చి, నా బూటు వాసన చూసి,
పక్కనే కూలబడి నెమరు వేసుకుంటోంది.

చెవిలో టిక్కులు
ఒకచోట నిలబడ్డాయి.
ఎప్పుడూ తన వాళ్లని పట్టిచ్చే మేక
ఈసారి నన్ను పట్టిచ్చింది.

రేడియోలో వార్డెన్ పిలుస్తున్నాడు,
"సెగుండో, కనిపించిందా? సెగుండో?"

కొత్త కొమ్మల కింద, మంచులో,
తాబేలొకటి నీళ్లు తాగుతోంది.
చాలాసేపు తాగింది.
తల ఎత్తి ఒక్కసారైనా
మా ఇద్దరి వైపూ చూడలేదు.