సూది బెజ్జం

సూర్యారావుపేట, మూడో అంతస్తు.
ఏసీ గదిలో ఒకమ్మాయి
నా ముందు రంగుల కాగితం పరిచింది.
"కంటికి పది నిమిషాలు కూడా పట్టదు మేడమ్,
వాయిదాల్లో కట్టుకోవచ్చు."
కాగితం మీద నవ్వే ఆడమనిషికి
ముక్కు మీద రెండు నొక్కులు లేవు.
నాకున్నాయి. ఆరో తరగతి నుంచి.

ఎందుకొచ్చానంటే ఏం చెప్పను.
మే నెల చెమటకి జారిపోయే అద్దాలు,
టీ గ్లాసెత్తితే మూసుకుపోయే లోకం.
దుర్గా ఘాట్‌లో మునిగి లేస్తే
ఒడ్డున నిలబడ్డ నా పిల్ల
ఆ రంగు మరకల్లో ఏదో తెలీదు.
అర్ధరాత్రి కరెంటు పోతే
అద్దాలు వెతకడానికి అద్దాలు కావాలి.

పెళ్ళిళ్ళకి పెట్టుకునే లెన్సులు
పదిహేను రోజులు మానెయ్యమన్నారు. మానేశాను.
రెప్ప కింద సన్నటి కాగితం ముక్క దోపి
కన్నీళ్ళు కొలిచారు.
తక్కువేనట.
ఈ మాట మా ఆయనకి చెప్పాలి.
చీకట్లో కనుపాప ఎంత విచ్చుకుంటుందో,
నల్లగుడ్డు పొర ఎంత మందమో రాసుకున్నారు.
మీ వాళ్ళలో ఎవరికైనా
నల్లగుడ్డు మొనదేలిందా అనడిగారు.
ఎవరికి తెలుసు?
మా ఇళ్ళల్లో చూపు తగ్గితే
వయసైందనుకుని దీపం కాస్త పెద్దది చేస్తారు.

డాక్టర్ హైమవతిగారు
యంత్రం పక్కకి నెట్టి
నా వేళ్ళు చూసింది.
"ఏం పనమ్మా?"
"మగ్గం వర్కండీ, వన్‌టౌన్‌లో. పెళ్ళి జాకెట్లు."
"కుట్టేటప్పుడు అద్దాలు?"
"తీసేస్తానండీ."
రాస్తున్న పెన్ను ఆగింది.
"వయసు?"
"వచ్చే శివరాత్రికి నలభై ఒకటి."

"దూరం చూపు ఇవ్వగలను.
ఈ దగ్గర చూపు దాంతో పాటే పోతుంది.
ఏడాదో రెండేళ్ళో, సూదికి మళ్ళీ అద్దాలే.
పొడి కళ్ళు ఇంకాస్త పొడిబారొచ్చు.
తొందరేం లేదు.
రోజులో ఎంతసేపు దూరం చూస్తున్నారో,
ఎంతసేపు దగ్గరో,
ఓ వారం రాసుకుని రండి."

సోడాబుడ్డీ అన్నవాళ్ళెవరూ
నాకిది చెప్పలేదు.
అద్దాలు తీస్తే
జానెడు దూరంలో నాకో ఊరుందని.
జరీ తీగ మెలికలో మెలిక,
పట్టుపోగు మీద నూగు,
కుందన్ అంచున మిగిలిన జిగురు చుక్క.
మెహరాజ్ భూతద్దం పెట్టి వెతికే తప్పు
ముక్కుకి ఆన్చుకుంటే నాకు దొరుకుతుంది.
గుడ్డిదాన్నని పేరు పెట్టారు గానీ
నేను దగ్గరదాన్ని.

ఆ రంగుల కాగితం వెనకే రాస్తున్నాను.
దూరం: బస్సు నంబరు, రెండుసార్లు.
కొండ మీద గోపురం, ఒకసారి, అదీ అలవాటుకొద్దీ.
స్కూలు గేటు.
దగ్గర: పొద్దున తొమ్మిది నుంచి
కరెంటు ఉన్నంతసేపు.
నాలుగు రోజులైంది.
పిల్లని ఎటువైపు రాయాలో తేలలేదు.
ఒడ్డున ఉంటే దూరం.
నా పక్కన నిద్రపోతుంటే
రెప్ప వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టగలను.

బుధవారానికి ఇవ్వాల్సిన జాకెట్టు
మగ్గానికి బిగించి ఉంది.
అద్దాలు తీసి డబ్బాలో పెట్టాను.
బెజ్జం, దారం,
ఒక్కసారికే.