శేషం మీద శాతం

బ్యూట్‌లో కోర్టు భవనం కింద, నేలమాళిగలో నా ఆఫీసు.
మెట్లు పద్నాలుగు.
లిఫ్టు ఉంది, లానీ కోవాసిచ్ ఎక్కడు.
ఒక మెట్టు. ఆగి,
ఎడమకాలిని కుడికాలి పక్కకి తెచ్చుకుని
ఇంకో మెట్టు.
ఆ చప్పుడు విని కుర్చీ లాగి ఉంచుతాను.
సాయం చెయ్యనా అని ఇన్నేళ్ళలో ఒక్కసారే అడిగాను.

ఇవాళ ఉత్తరం తెచ్చాడు.
మార్కులు తానే చూసుకోలేని పిల్లాడిలా
మడత విప్పకుండా నా చేతికిచ్చాడు.

నిద్రకి, నిద్రలో అరుపుకి,
ఏ హోటల్లోనైనా తలుపుకేసి కూర్చోవడానికి: యాభై.
మోకాలికి: ఇరవై.
చెవుల్లో మోతకి: పది.
ఒక చెవైనా పదే, రెండైనా పదే.

"ఎనభై," అన్నాడు లానీ.
రాగి గనిలో తాత తట్టలు లెక్కపెడుతుంటే
పక్కన కూర్చుని కూడికలు నేర్చినవాడు.

ఎనభై కాదు లానీ.
ఈ లెక్కకి కూడిక రాదు.

మధ్యాహ్నానికి తెచ్చుకున్న పాస్టీ ఉంది,
మాంసమూ బంగాళాదుంపా కూరిన గనివాళ్ళ తిండి.
దాన్ని బల్లమీద పెట్టాను,
కవర్లు చింపే కత్తితో కోశాను.
ఇదిగో, నీలో సగం. యాభై పోయింది.
మోకాలి ఇరవైని నీలోంచి తియ్యరు,
ఈ మిగిలిన సగంలోంచి తీస్తారు. పది.
ఇప్పుడు మిగిలిన నలభైలో
చెవులకి నూటికి పది. నాలుగు.
అరవై నాలుగు.
ఇంకొక్కటి ఉంటే డెబ్బైకి ఎక్కించేవాళ్ళు.
లేదు గనక అరవైకి దించారు.

"ఆ నాలుగూ ఎవరు తిన్నారు?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.
చెవుల ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.
చల్లారిపోయిందన్నాడు.

ఎంత కోసినా ఎంతో కొంత మిగులుతుంది.
ఈ పద్ధతిలో మనిషి ఎప్పటికీ పూర్తిగా అయిపోడు.
అది దయో పిసినారితనమో
పదకొండేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నా తేలలేదు.
అప్పులో శేషం, నిప్పులో శేషం ఉంచొద్దంటారు.
నా బీరువా నిండా ఆ రెండే.

హెలెనాలో పరీక్ష రోజున
ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడట.
డాక్టరు ప్లాస్టిక్ కోణమాపకం మోకాలికి ఆనించి
వంచండి అన్నాడట.
పదిహేను డిగ్రీల దగ్గర నొప్పి మొదలైంది.
ముఖం కదల్లేదు.
ఇరవై. ఇరవై అయిదు.
ముప్ఫై దగ్గర కాలే ఆగింది, అతను కాదు.
డాక్టరు ముప్ఫై అని రాసుకున్నాడు.
"థాంక్యూ సర్," అని వచ్చాడు.

పదిహేను దగ్గర ఆగుంటే మోకాలికి ముప్ఫై వచ్చేది.
మొత్తం డెబ్బై అయ్యేది.
జనవరికి ప్రొపేన్ ట్యాంకు నిండేది.
ఎందుకు ఆగలేదు లానీ?

"వంచమన్నాడు," అన్నాడు,
ఇందులో అర్థం కానిదేముందన్నట్టు.

అప్పీలు కాగితాలు తీశాను.
మళ్ళీ పిలుస్తారు, ఈసారి అబద్ధం చెప్పొద్దు,
నొప్పి పుట్టిన చోట ఆగు, నోరు తెరిచి చెప్పు.
ఏదీ, ఇక్కడ చేసి చూపించు.

కుర్చీ అంచున కూర్చున్నాడు.
గోడమీద ట్యూబులైటు జుయ్యిమంటోంది.
"నీకు వినిపిస్తోందే, అదే," అన్నాడు,
"నాదానికి స్విచ్చి లేదు."
వంచాడు.

అతని గడ్డం కింద నరం ఒకటి బిగిసింది.
అక్కడ, లానీ. అక్కడే. ఆగు.

విన్నాడు. తలూపాడు.
కాలు ఇంకా వంగుతూనే ఉంది.