వచ్చే గాలి

బాయిలకు గాలి ఒక తొవ్వన పోతది,
ఇంకో తొవ్వన వస్తది.
రెండూ కలిస్తె లోపలోళ్లు బతుకరు.
"గీ ఒక్క ముక్క నేర్వనీకి
గోదావరిఖని పిల్లవు
మంచుల జారిపడుకుంట పోలండు దాకా పోవాల్నా?"
అన్నడు ఐలయ్య, లాంపు రూముల,
నా టోపీ లైటు ఛార్జింగుకు పెట్టుకుంట.

అడిగిండు గని నవ్వలే.
అందుకే జవాబు చెప్పాలనిపించింది.

మా నాయినమ్మ పేరే నాకు పెట్టిండ్రు, కొమురమ్మ.
హన్మకొండ హాస్టల్ల దాన్ని కోమల చేసుకున్న.
గేటు కాడ ఎవలన్న అసలు పేరుతోని పిలిస్తె
నన్ను గాదన్నట్టు పుస్తకంల తల పెట్టిన, నాలుగేండ్లు.
గ్లివిత్సేల మొదటి దినం
హలీనా మేడం హాజరు పట్టీ చూసి
రాళ్లు ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకొని
కొ-ము-ర-మ్మ అన్నది.
అర్థమేందని అడిగింది.
మల్లన్న గుట్ట, పసుపు బండారి, ఒగ్గు డోలు...
నాకొచ్చిన ఇంగ్లిషు సగం అండ్లనే ఒడిసింది.
కోమల ఆ దినం నుంచి ఎటువోయిందో ఎరుక లేదు.

ప్రయోగాల బాయిల గాలి కొలిచే చక్రం పట్టుకొని నిలవడ్డ.
అంకె రాసిన. మేడం కొట్టేసింది.
"గాలికి నువ్వే అడ్డమున్నవ్.
నువ్వు కొలిచింది గాలిని గాదు, నిన్ను."
చెయ్యి చాపుమన్నది. పక్కకు జరుగుమన్నది.
చెయ్యి చాపుడు ఆ పూటనే వచ్చింది.
పక్కకు జరుగుడు నేర్వనీకి రెండేండ్లు.

పరీక్షల ఇంకో ఇచ్చంత్రం.
తెల్వకుంటె తెల్వదని రాయాలె, దానికి మార్కు గోసుడు లేదు.
ఊహించి రాస్తె ఉన్నయి గూడ పోతయి.
ఇంట్ల, బడిల, కాలేజిల
ఆ ఒక్క మాటకు ఎన్ని దెబ్బలు తిన్ననో యాదికొచ్చి
కాయిదం ముంగట పెట్టుకొని శానసేపు కూసున్న.

డిసెంబరుల వాళ్ల బాయి తల్లికి పండుగ, బార్బరా అంట.
నల్లటి కోట్లేసుకొని, టోపీలకు ఈకలు గుచ్చుకొని
బ్యాండుతోని పోతుంటె
మా బాయిమీది మైసమ్మ కండ్లల్ల మెదిలింది.
నేనూ మొక్కిన.
ఎవలికి మొక్కిన్నో ఆ ఇద్దరే పంచుకుంటరు.

నేను పోయిననాడు ఆడోళ్లు లోపలికి దిగొద్దని రూలు.
వచ్చేసరికి రూలు మారింది,
బూట్ల సైజులు మారలే.
ముంగట పేపర్లు కుక్కి తొడుక్కొని దిగిన.

ఓవర్‌మెన్ మొండయ్యది ముప్పయ్యేండ్ల సర్వీసు.
మెడ మీది చెమట ఆరే తీరును బట్టి గాలి సంగతి చెప్తడు.
మొదట్ల నేను లోలోపల నవ్వుకున్న, అబద్ధమెందుకు.

మొన్న శ్రావణంల, రెండో షిఫ్టు.
నా మిషను బాగనే ఉన్నదంటది.
ఆయన మెడ బాగలేదంటది.
చెయ్యి చాపి పట్టిన, పక్కకు జరిగి పట్టిన,
అంకె అదే.
పైనుంచి ఫోను, ఎన్ని టన్నులైందని.
రిపోర్టుల రాసిన:
నాకు తెల్వదు. తెలిసేదాక పని ఆపాలె.

రెండు గంటలు తిరిగినం.
మూడో అడ్డతొవ్వల గాలి మళ్లించే పర్దా
మనిషి దూరేంత చినిగి ఉన్నది.
పోవాల్సిన గాలి పోకముందే మర్లుతున్నది.
ఫోన్ల ఏమన్నరో ఇక్కడ చెప్పను.
మొండయ్య తువ్వాలతోని మెడ తుడుచుకున్నడు, అంతే.

పోయే గాలి చల్లగుంటది ఐలయ్యా,
దానికేం తెలుసు?
వచ్చేది వెచ్చగుంటది,
ఎవలెవల చెమట తాకిందో, ఏ మూలకు తిరిగిందో
ఆ వాసనంత మోసుకొస్తది.
లోపలి సంగతి తెలువాలంటె
మేం నిలవడేది దాని తొవ్వల.

ఐలయ్య ఏమనలే.
రిజిష్టరు తీసి, పెన్ను ఇదిలించి,
"పేరు పూర్తిగ రాయాల్నా" అన్నడు.
పూర్తిగనే రాయి.